ఆగ్రా చర్చ నుంచి మవూ పండితుడి దాకా: ప్రాచ్య విద్వాంసులకు ముస్లింల జవాబులు

ఇస్లాం గురించి ప్రాచ్య విద్వాంసులు, అంటే తూర్పు దేశాల భాషలూ మతాలూ చదివిన యూరప్ పండితులు, రాసిందంతా కుట్రేనని ఒక్క మాటతో కొట్టిపారేసేవారు ఉన్నారు. వాళ్లు రాసిందే అసలైన చరిత్ర అనీ, ముస్లింలు చెప్పుకునేదంతా భక్తిగాథ అనీ తేల్చేసేవారూ ఉన్నారు. ఇద్దరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. గత నూట డెబ్బై ఏళ్లలో ముస్లిం విద్వాంసులు ఆ రచనలను శ్రద్ధగా చదివి, వాదించి, కొన్నిచోట్ల ఒప్పుకుని, కొన్నిచోట్ల వేళ్లతో సహా పెకలించి, అరబీ, ఉర్దూ, తుర్కీ, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల్లో ఒక పెద్ద సాహిత్యాన్నే తయారు చేశారు. తీరిక దొరికినప్పుడల్లా దాన్ని చదువుతూ వస్తున్న నాకు ఒక అభిప్రాయం బలపడింది. ఎదుటివాడి ప్రశ్నను ఉన్నదున్నట్టు స్వీకరించి, బోనులో నిలబడి చెప్పుకున్న జవాబులు ఎంత ధారాళంగా ఉన్నా త్వరగానే పాతబడ్డాయి. ఆ ప్రశ్న ఏ ఆధారం మీద నిలబడిందో చూద్దామని మూలగ్రంథాల దగ్గరికి వెళ్లినవి మాత్రం ఇప్పటికీ పనికొస్తున్నాయి.

1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో జరిగిన బహిరంగ చర్చతో మొదలుపెట్టడం సబబు. ఒకవైపు జర్మన్ మిషనరీ కార్ల్ ఫాండర్, మరోవైపు కైరానాకు చెందిన మౌలానా రహ్మతుల్లా. ఇస్లాంను ఖండిస్తూ ఫాండర్ రాసిన పుస్తకం అప్పటికే ఫారసీలోనూ ఉర్దూలోనూ చలామణిలో ఉంది. ఖురాన్ వాక్యాలతో తనను ఎదుర్కొంటారని ఆయన అనుకుని ఉంటాడు. ఎదురైంది వేరు. రహ్మతుల్లాకు తోడుగా వచ్చిన డాక్టర్ ముహమ్మద్ వజీర్ ఖాన్ ఇంగ్లండు వెళ్లినప్పుడు బైబిలు పాఠచరిత్ర మీద యూరప్ పండితులు రాసిన పుస్తకాలను సంపాదించుకుని వచ్చాడు. ప్రతుల్లోని తేడాల గురించీ, తర్వాతి కాలంలో చేరిన వాక్యాల గురించీ క్రైస్తవ పండితులే రాసిన మాటలను సభలో ఫాండర్ ముందు పెట్టారు. మూలసిద్ధాంతానికి భంగం లేదంటూనే, కొన్నిచోట్ల పాఠభేదాలు చొరబడిన మాట నిజమేనని ఆయన ఒప్పుకోక తప్పలేదు. 1857 తిరుగుబాటు తర్వాత రహ్మతుల్లా మక్కా చేరుకున్నాడు. ఆ వాదనలన్నిటినీ కూర్చి ఒట్టోమన్ రాజధానిలో అరబీలో రాసిన ‘ఇజ్‌హారుల్ హక్’ ముస్లిం ప్రపంచమంతటా చదివిన పుస్తకమైంది. యూరప్ విమర్శపద్ధతిని యూరప్ మీదికే తిప్పడం అక్కడి నుంచే మొదలైందని చెప్పవచ్చు. అయితే ఆ పద్ధతిని తమ గ్రంథాలకు వర్తింపజేసినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న ఆ రోజు సభలో ఎవరికీ రాలేదు.

ఆ ప్రశ్నను తెచ్చిపెట్టినవాడు విలియం మ్యూర్. ఉత్తర భారతంలో కంపెనీ ఉద్యోగి, అరబీ నేర్చినవాడు. ప్రవక్త ముహమ్మద్ జీవితచరిత్రను 1858 నుంచి 1861 దాకా నాలుగు సంపుటాలుగా వెలువరించాడు. ఆ పనికి తనను పురమాయించింది ఫాండరేనని ముందుమాటలో తానే చెప్పుకున్నాడు. పాత మిషనరీల రాతల్లా అది పుక్కిటి పురాణం కాదు. ఇబ్న్ హిషామ్, వాఖిదీ శిష్యుడు ఇబ్న్ సఅద్, తబరీ వంటి తొలి ముస్లిం చరిత్రకారుల అరబీ మూలాలను చూసి రాసిన పుస్తకం కాబట్టే ముస్లింలకు అది అంత గట్టిగా తగిలింది.

1869లో కొడుకు చదువు కోసం లండన్ వెళ్లిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అక్కడి నుంచి మిత్రుడు మొహ్సినుల్ ముల్క్‌కు రాసిన ఉత్తరాల్లో ఈ పుస్తకం గురించిన బాధ కనిపిస్తుంది. మ్యూర్‌ను చదువుతుంటే గుండె కాలిపోతోందనీ, బిచ్చమెత్తే స్థితి వచ్చినా సరే దీనికి జవాబు రాసి తీరుతాననీ, ఖర్చులకు అప్పో సొప్పో చేసి డబ్బు పంపమనీ ఆయన రాశాడు. ఈయన బ్రిటిష్ వ్యతిరేకి కాడన్నది గుర్తుంచుకోవాలి. 1857లో బిజ్నోర్‌లో ఇంగ్లీషువాళ్ల ప్రాణాలు కాపాడినవాడు, బ్రిటిష్ పాలన మేలుచేస్తుందని నమ్మినవాడు. అంతటివాడికి కూడా మ్యూర్ పుస్తకం మింగుడుపడలేదు. ఇండియా ఆఫీసు గ్రంథాలయంలోనూ బ్రిటిష్ మ్యూజియంలోనూ కూర్చుని సమకూర్చుకున్న సమాచారంతో 1870లో లండన్‌లోనే ఇంగ్లీషు వ్యాసాల సంపుటి అచ్చువేయించాడు.

ఆ వ్యాసాల్లో నన్ను ఆకట్టుకున్నది ఆధారాల మీద ఆయన పెట్టిన చర్చ. మ్యూర్ అంతగా నమ్ముకున్న వాఖిదీని హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాలు) పండితులు ఏనాడో పక్కన పెట్టారు. ఇమాం షాఫియీ, అహ్మద్ బిన్ హంబల్ వంటివారే ఆయన ఉల్లేఖనాలు నమ్మదగినవి కావన్నారు. అరబీలో ఉన్నంత మాత్రాన, పాతదైనంత మాత్రాన ప్రతి పుస్తకమూ సాక్ష్యం కాదనీ, సాక్షుల యోగ్యతను తూచే విద్య ఒకటి ముస్లింల దగ్గరే ఉందనీ, దాన్ని పట్టించుకోకుండా చరిత్ర రాయడం అన్యాయమనీ ఆయన వాదన. మ్యూర్‌కు మరో సూత్రం ఉండేది. ప్రవక్తకు అప్రతిష్ట తెచ్చే కథను ముస్లింలు కల్పించరు గనుక అలాంటిది నిజమై ఉంటుందన్నది దాని సారాంశం. వినడానికి తర్కబద్ధంగానే ఉంటుంది. కానీ తొలి శతాబ్దాల ముస్లిం సమాజంలో ఒకరినొకరు ద్వేషించుకున్న వర్గాలున్నాయి, వింత కథలు చెప్పి జనాన్ని పోగుచేసే కథకులున్నారు. కల్పనకు భక్తి ఒక్కటే కారణమని ఎందుకు అనుకోవాలి? ఈ చర్చ ఇప్పటికీ తెగలేదు.

సర్ సయ్యద్ తర్వాతి తరంలో సయ్యద్ అమీర్ అలీ పేరు ఇంగ్లీషు చదివినవారందరికీ తెలుసు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి, తర్వాత ప్రివీ కౌన్సిల్‌లో కూర్చున్న తొలి భారతీయుడు. 1891లో వెలువడిన ఆయన ‘స్పిరిట్ ఆఫ్ ఇస్లాం’ చక్కటి ఇంగ్లీషులో సాగుతుంది. బానిసత్వాన్ని క్రమంగా రూపుమాపడమే ఇస్లాం ఉద్దేశమనీ, భార్యలందరినీ సమానంగా చూడాలన్న షరతు ఆచరణలో అసాధ్యం గనుక బహుభార్యత్వాన్ని ఖురాన్ నిషేధించినట్టేననీ ఆయన వాదిస్తాడు. కొన్ని వాదనల్లో బలముంది. అయినా పుస్తకమంతా విక్టోరియా కాలపు ఇంగ్లీషు పెద్దమనిషి ఎదుట దాఖలు చేసిన అఫిడవిట్‌లా ఉంటుందని నా ఫిర్యాదు. ఆ పెద్దమనిషికి ఏది నాగరికమో అదే ఇస్లాం అని చూపించాలన్న తపన అడుగడుగునా కనిపిస్తుంది. కాలం మారి ఆ పెద్దమనిషి కొలతలు మారగానే వాదనలో సగం చెల్లని కాగితమైంది.

అదే కాలంలో హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్న చిరాగ్ అలీ ఇంకా తెగువ చూపాడు. ముస్లిం పాలనలో సంస్కరణ సాధ్యమే కాదు, ఎందుకంటే వారి చట్టం దైవికమూ మార్పులేనిదీ అని మాల్కం మెకాల్ అనే ఇంగ్లీషు పాదరీ రాస్తే, దానికి జవాబుగా 1883లో బొంబాయిలో ఒక పుస్తకం ప్రచురించాడు. మీరు షరీఅత్ (దైవశాసనం) అంటున్న ఫిఖ్‌హ్ (న్యాయశాస్త్ర) గ్రంథాలు మనుషులు రాసినవి, ఆ కాలపు అవసరాలకు పుట్టినవి, ఖురాన్ రాజకీయ శాసనసంహిత కాదు అన్నాడు. పాదరీని నిరుత్తరుణ్ణి చేయడానికి మొదలుపెట్టిన వాదం మతపండితులైన ఉలమాకు కంటగింపుగా తయారైంది. బయటివాడికి చెప్పే జవాబు ఇంట్లోవాళ్లతో తగవుకు దారితీయడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

1883లోనే పారిస్‌లో ఇంకో ఘట్టం నడిచింది. మార్చి 29న సోర్బోన్‌లో ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ ఇస్లాం, విజ్ఞానశాస్త్రం అనే విషయం మీద ప్రసంగించాడు. అరబ్ విజ్ఞానం అనేదాంట్లో అరబ్బులదీ ఇస్లాందీ ఏమీ లేదనీ, అదంతా గ్రీకుల నుంచి, పారసీకుల నుంచి, క్రైస్తవుల నుంచి వచ్చిందనీ, ఇస్లాం దాన్ని అణచివేయడం మాత్రమే చేసిందనీ సారాంశం. అప్పుడు పారిస్‌లోనే ఉన్న జమాలుద్దీన్ అఫ్ఘానీ ఇచ్చిన జవాబు మే 18న జూర్నల్ దె దేబా పత్రికలో అచ్చయింది. అఫ్ఘానీ అంటే సామ్రాజ్యవాదాన్ని ఎదిరించిన యోధుడనే పేరు విని ఆ వ్యాసం తెరిచేవారికి ఆశ్చర్యం తప్పదు. ఇస్లాం విజ్ఞానానికి అడ్డుపడిన మాటను ఆయన కాదనడు. అన్ని మతాలూ అలాగే చేశాయంటాడు. క్రైస్తవం ఇస్లాం కన్నా శతాబ్దాలు ముందు పుట్టింది, సంకెళ్లు తెంచుకోవడానికి దానికి అంత కాలం పట్టినప్పుడు ముస్లింలకు ఆ ఆశ ఎందుకు ఉండకూడదని అడుగుతాడు. గ్రీకు విజ్ఞానం అరబ్బులకన్నా యూరప్‌కే దగ్గరగా ఉన్నా, అరబ్బులు దాన్ని వెలిగించి పంపేదాకా యూరప్ ఎందుకు పట్టించుకోలేదన్నది ఆయన వేసిన మంచి ప్రశ్న.

మర్నాడు రెనాన్ రాసిన ప్రత్యుత్తరం ఇంకా విచిత్రం. అఫ్ఘానీని మెచ్చుకుంటూనే, ఈయన అరబ్బు కాడు, పై ఇరాన్ ప్రాంతపు జాతివాడు, అక్కడ ఇస్లాం పైపూత కింద ఆర్యుల స్ఫూర్తి బతికే ఉందన్నాడు. తన సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యంగా ఒక మేధావి కళ్ల ముందు నిలబడితే ఆయన్ను తన జాతిలో కలిపేసుకుని సిద్ధాంతాన్ని కాపాడుకున్నాడన్నమాట. అటు అఫ్ఘానీ శిష్యుడు ముహమ్మద్ అబ్దుహ్ ఆ వ్యాసంలోని ఒప్పుకోళ్లను చూసి దాన్ని అరబీలోకి తేవద్దని ఆపించాడు. లెస్బోస్ దీవిలో అధికారిగా ఉన్న తుర్కీ కవి నామిక్ కెమాల్ కూడా రెనాన్‌కు ఘాటైన ఖండన రాశాడు గానీ, అది ఆయన బతికుండగా అచ్చు కాలేదు.

వీరందరిలోకీ ఆధారాల విలువ బాగా ఎరిగినవాడు ఉర్దూ చరిత్రకారుడు షిబ్లీ నూమానీ. అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని ఖలీఫా ఉమర్ తగలబెట్టించాడన్న కథ మీద ఆయన రాసిన పరిశీలన నాకు చాలా ఇష్టం. ఆవేశం లేకుండా ఒకే ప్రశ్న అడుగుతాడు: ఈ కథను మొదట చెప్పిందెవరు? అబ్దుల్ లతీఫ్ బాగ్దాదీ, ఇబ్నుల్ ఖిఫ్తీ, క్రైస్తవ చరిత్రకారుడు అబుల్ ఫరజ్. అందరూ ఆ సంఘటనకు దాదాపు ఆరు వందల ఏళ్ల తర్వాత రాసినవారు. ఈజిప్టు విజయాన్ని వివరంగా రాసిన తొలి చరిత్రకారుల్లో దీని ఊసే లేదు. గిబ్బన్ వంటి యూరప్ చరిత్రకారులు ఇదివరకే దీన్ని శంకించారని చూపించి, వారికి దక్కాల్సిన గౌరవం కూడా ఇస్తాడు. చివరి రోజుల్లో మొదలుపెట్టిన ‘సీరతున్నబీ’ పీఠికలో యూరప్ రచయితలను ఆయన మూడు తరగతులు చేశాడు. అరబీ రానివారు, అరబీ సాహిత్యం తెలిసినా హదీసు, సీరత్ (ప్రవక్త జీవితచరిత్ర) గ్రంథాలు తెలియనివారు, అన్నీ తెలిసినవారు. మూడో తరగతిలో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు మార్గోలియత్‌ను చేర్చి, ముస్నద్ అహ్మద్ వంటి హదీసుల మహాగ్రంథాన్ని అక్షరం వదలకుండా చదివిన మనిషి ఇలాంటి జీవితచరిత్ర రాయడమేమిటని నొచ్చుకుంటాడు. అదే పీఠిక కోసం షిబ్లీ తబరీని, ఇబ్న్ సఅద్‌ను చదివింది లైడెన్‌లో డచ్చి, జర్మన్ పండితులు పరిష్కరించి అచ్చువేసిన ప్రతుల్లోనే. ఆయన దాన్ని దాచలేదు. 1914లో షిబ్లీ కన్నుమూశాక ఆ పనిని శిష్యుడు సులైమాన్ నద్వీ కొనసాగించాడు.

ఇప్పటి పాఠకుడికి ఈ చర్చ అనగానే గుర్తొచ్చే పేరు ఎడ్వర్డ్ సయీద్. ఆయన 1978 నాటి పుస్తకం ‘ఓరియంటలిజం’ ప్రాచ్య విద్యకూ సామ్రాజ్య అధికారానికీ ఉన్న పేగుబంధాన్ని విప్పి చూపింది. అయితే సయీద్ క్రైస్తవ కుటుంబంలో పుట్టిన పాలస్తీనియన్, మతవిశ్వాసి కూడా కాడు. తన పుస్తకాన్ని ఇస్లాం సమర్థనగా చదవడం మీద తర్వాతి ముద్రణలో విసుగు ప్రకటించాడు. ఆయన కన్నా ముందే పాలస్తీనా ముస్లిం చరిత్రకారుడు అబ్దుల్ లతీఫ్ తీబావీ ఇంగ్లీషు ప్రాచ్య పండితుల మీద పదునైన విమర్శ రాశాడు. దాన్ని చదివేవారు తక్కువ. సయీద్ వాదంలోని ప్రమాదాన్ని ఎత్తిచూపినవాడు సిరియా తత్త్వవేత్త సాదిఖ్ జలాల్ అల్ అజ్మ్. తూర్పు మనిషి స్వభావమే వేరు అని యూరప్ అన్నదాన్నే, ఈసారి గర్వంగా, మేమే వల్లించడం మొదలుపెట్టామని 1981లో ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు.

అల్జీరియాకు చెందిన ఆలోచనాపరుడు మాలిక్ బెన్నబీ మాట ఇంకా చేదు. ఇస్లాంను తిట్టిన పండితుల వల్ల ముస్లింలకు జరిగిన నష్టం కన్నా పొగిడినవారి వల్ల జరిగినదే ఎక్కువంటాడు. పూట గడవని పేదవాడి దగ్గర కూర్చుని అతని తాతల సిరిసంపదల గురించి చెబితే కాసేపు ఆకలి మరిచిపోతాడు, ఆకలి మాత్రం తీరదు అంటాడు. కార్డోవా వీధిదీపాల గురించీ బాగ్దాద్ వైద్యశాలల గురించీ గొప్పలు పంచుకునే పోస్టులు కనిపించినప్పుడల్లా నాకు బెన్నబీయే గుర్తొస్తాడు.

ఇక అసలు రణరంగం హదీసు. 1890లో హంగరీ పండితుడు ఇగ్నాజ్ గోల్డ్‌జీహర్ ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చాడు. హదీసుల్లో అధికభాగం ప్రవక్త కాలానికి సాక్ష్యం కాదనీ, తర్వాతి రెండు శతాబ్దాల్లోని రాజకీయ, మత వివాదాలకు అద్దమనీ ఆయన వాదన. గోల్డ్‌జీహర్‌ను ద్వేషి అని తోసిపుచ్చలేం. యౌవనంలో అల్ అజ్‌హర్‌లో చదువుకున్నవాడు, ఇస్లాం పట్ల గౌరవాన్ని దాచుకోనివాడు. 1950లో ఇస్లామీ న్యాయశాస్త్ర చరిత్రకారుడు జోసెఫ్ షాఖ్ట్ ఆ వాదాన్ని చట్టసంబంధ హదీసుల మీద ప్రయోగించి, ఎవరి నుంచి ఎవరు విన్నారో చెప్పే ఉల్లేఖకుల పరంపరలు కాలక్రమంలో వెనక్కి పెరిగాయన్నాడు. మొదట ఒక పండితుడి అభిప్రాయంగా ఉన్నది తర్వాత ప్రవక్త సహచరుడి పేరుకూ, ఆపైన ప్రవక్త పేరుకూ ఎక్కిందని ఆయన లెక్క. ఇది బోనులో నిలబడి ఖండించగలిగిన ఆరోపణ కాదు. దీనికి రాతప్రతులు కావాలి.

ఆ రాతప్రతుల్లో ఒకదాన్ని వెలికి తెచ్చినవాడు హైదరాబాదీ ముహమ్మద్ హమీదుల్లా. ఉస్మానియాలో చదివి, బాన్‌లోనూ సోర్బోన్‌లోనూ డాక్టరేట్లు తీసుకున్నవాడు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత ఏ దేశ పౌరసత్వమూ పుచ్చుకోకుండా పారిస్‌లోనే దశాబ్దాలు గడిపాడు. ప్రవక్త సహచరుడు అబూ హురైరా దగ్గర హమ్మామ్ బిన్ మునబ్బిహ్ విని రాసుకున్న చిన్న సంకలనం ప్రతులు బెర్లిన్‌లో ఒకటి, డమాస్కస్‌లో ఒకటి హమీదుల్లా కంటపడ్డాయి. 138 హదీసుల ఆ పుస్తకాన్ని 1953లో పరిష్కరించి అచ్చువేశాడు. అందులోని హదీసులు కొన్ని తరాల తర్వాతి అహ్మద్ బిన్ హంబల్ ముస్నద్‌లో దాదాపు అవే మాటల్లో ఉన్నాయి. మధ్యలో ఉన్న ఉల్లేఖకులు ఇష్టం వచ్చినట్టు కల్పించి ఉంటే ఇది ఎలా సాధ్యమన్నది ఆయన ప్రశ్న. దొరికిన ప్రతులు తర్వాతి కాలపు నకళ్లే కదా అని సంశయవాది అనవచ్చు. హమ్మామ్ నుంచి ఇటువైపు నమ్మకం పెరుగుతుందే గానీ, అటువైపు ప్రవక్త దాకా ఇది నిరూపణ కాదనీ అనవచ్చు. ఆ మాట న్యాయమే. కానీ అప్పటి నుంచి వాదన ఊహల మీద కాక రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి చేయాల్సి వచ్చింది.

షాఖ్ట్‌కు పేజీ పేజీకీ జవాబు రాసినవాడు ఉత్తరప్రదేశ్‌లోని మవూ పట్టణంలో పుట్టి, దేవబంద్‌లో చదివి, కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ చేసిన ముహమ్మద్ ముస్తఫా ఆజ్మీ. ఒక్క ఉదాహరణ చెబుతాను. ప్రవక్త సహచరుడు ఇబ్న్ ఉమర్ నుంచి నాఫె, నాఫె నుంచి ఇమాం మాలిక్: ఇది హదీసు పండితులు బంగారు గొలుసుగా మెచ్చుకునే పరంపర. నాఫె హిజ్రీ (ఇస్లామీ శకం) 117 ప్రాంతంలో చనిపోయాడనీ, మాలిక్ 179లో చనిపోయాడనీ లెక్కగట్టి, నాఫె బతికున్నప్పుడు మాలిక్ కుర్రవాడికన్నా పెద్దవాడై ఉండడని షాఖ్ట్ రాశాడు. మాలిక్ పుట్టిన సంవత్సరం గురించి నమ్మదగిన సమాచారం లేదన్నాడు. ఆజ్మీ జీవితచరిత్ర కోశాలు తెరిచి చూపించాడు. మాలిక్ హిజ్రీ 93లో పుట్టాడని అధికశాతం పండితులు చెబుతారు, ఎంత అటూ ఇటూ లాగినా 90, 97ల మధ్యలోనే ఆగుతుంది. అంటే నాఫె పోయేనాటికి మాలిక్ ఇరవై దాటిన యువకుడు. అంతకన్నా ముఖ్యమైన అభ్యంతరం పద్ధతి మీద. షాఖ్ట్ పరంపరలను పరిశీలించింది ఫిఖ్‌హ్ గ్రంథాల్లో. న్యాయశాస్త్రం రాసేవాడికి తీర్పు ముఖ్యం. తెలిసిన హదీసు పరంపరను కుదించి చెబుతాడు, ఒక్కోసారి వదిలేస్తాడు. అక్కడ పరంపర అసంపూర్ణంగా కనిపించింది గనుక ఆనాటికి అది పుట్టలేదనడం ఎలా కుదురుతుందని ఆజ్మీ నిలదీశాడు. ఆయన ప్రతి వాదనా నెగ్గిందని నేను అనను. సంప్రదాయ జీవితచరిత్ర కోశాలనే శంకించేవాడిని వాటితోనే ఒప్పించడం కష్టం. పాకిస్తాన్ విద్వాంసుడు ఫజ్లుర్ రహ్మాన్ అందుకే మధ్యేమార్గం పట్టాడు. షాఖ్ట్ చూపిన పరిణామాన్ని చాలావరకు ఒప్పుకుంటూనే, ప్రవక్త సున్నత్ (నడవడి) సమాజంలో సజీవ ఆచారంగా మొదటి నుంచీ ఉందన్నాడు. పాకిస్తాన్‌లో నిరసనలు చెలరేగి 1968లో పదవి వదిలి, చివరికి చికాగోలో పాఠాలు చెప్పుకున్నాడు.

షాఖ్ట్ సిద్ధాంతానికి బలమైన దెబ్బ తగిలింది మాత్రం జవాబు రాయాలని కూర్చోని మనిషి వల్ల. అదే మవూలో హబీబుర్ రహ్మాన్ ఆజ్మీ అనే మదరసా పండితుడు ఉండేవాడు. యమన్‌కు చెందిన అబ్దుర్రజ్జాఖ్ సన్‌ఆనీ హిజ్రీ 211లో చనిపోయాడు. ఆయన కూర్చిన ‘ముసన్నఫ్’ అనే ఉద్గ్రంథాన్ని ఈ పండితుడు రాతప్రతుల నుంచి పరిష్కరించగా 1970 దశకం ఆరంభంలో బీరూత్‌లో 11 సంపుటాలుగా వెలువడింది. అందులో 20,000కు పైగా ఉల్లేఖనాలున్నాయి. షాఖ్ట్ తన పుస్తకం రాసేనాటికి ఇది అచ్చులో లేదు. హరాల్డ్ మోట్జ్‌కీ అనే జర్మన్ చరిత్రకారుడు దీన్ని ముందు పెట్టుకుని, అబ్దుర్రజ్జాఖ్ గురువు ఇబ్న్ జురైజ్, ఆయన గురువు మక్కా పండితుడు అతా చెప్పిన మాటలను విడదీసి చూశాడు. అతా ఎక్కువగా తన సొంత అభిప్రాయమే చెబుతాడు, హదీసును చాలా అరుదుగా ఉదహరిస్తాడు, శిష్యుడు తనకు సందేహం ఉన్నచోట సందేహమనే రాస్తాడు. కల్పించేవాడైతే ప్రతి మాటనూ ప్రవక్త దాకా చేర్చేవాడు కదా అన్నది మోట్జ్‌కీ తర్కం. 1991లో జర్మన్‌లో వచ్చిన ఆ పరిశోధన మక్కాలోని ఫిఖ్‌హ్ పాఠాలను హిజ్రీ మొదటి శతాబ్దంలోకి జరిపింది. అక్కడి నుంచి ప్రవక్త దాకా మిగిలిన దశాబ్దాల గురించి ఆయన ఆచితూచే మాట్లాడాడు. దాంతో సంశయవాదులకూ, ప్రతి సహీ (ప్రామాణిక) హదీసూ అక్షరాలా ప్రవక్త నోటిమాటేననే సంప్రదాయవాదులకూ కూడా ఆయన పూర్తిగా నచ్చలేదు.